బరంపురం పులివేషాన్ని గేమ్‌లోకి దించాలంటే: సొంత క్యారెక్టర్ మోడల్‌కు ఏ మోడ్ మేలు?

ఒక్కరే ఆడుకునే గేమ్‌లో కొత్త క్యారెక్టర్ పెట్టుకోవడం పెద్ద పనేం కాదు. పాత ఫైల్ తీసి ఆ చోట కొత్త ఫైల్ పెడితే మన స్క్రీన్ మీద మన బొమ్మ నడుస్తుంది. మల్టీప్లేయర్‌లో లెక్క వేరు. మీ కంప్యూటర్‌లో పులిగా కనపడేవాడు ఇచ్ఛాపురంలో ఉన్న మీ బావమరిదికీ పులిగానే కనపడాలి. సూరత్‌లో మరమగ్గాల పనికి వెళ్లి, రాత్రిపూట గదిలో ఫోన్ డేటాతో ఆడుకునే స్నేహితుడికీ అలాగే కనపడాలి. అంటే మోడల్ ఫైల్ ప్రతి ఒక్కరికీ చేరాలి. చేరినదాన్ని గేమ్ గుర్తుపట్టాలి. గుర్తుపట్టాక నడక, పరుగు, గెంతు అన్నీ దానికి అతకాలి.

అందుకే ఏ మోడ్‌తో, అంటే గేమ్‌ను మార్చుకునే ఏ అదనపు ప్రోగ్రామ్‌తో, మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే నేను గ్రాఫిక్స్ సంగతి చివరికి నెట్టేస్తాను. ముందు అడిగేది మీ జట్టులో అందరికంటే నీరసమైన నెట్, అందరికంటే పాత మెషీన్ ఎవరివని. ఆ మనిషికి మీ ఫైల్ ఏ దారిన వెళ్తుందో తేలితే ఎంపిక సగం తేలినట్టే. మన వైపు, అంటే బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, గుణుపురం లాంటి ఊళ్లలో, ఒకే జట్టులో ఒకడికి ఇంట్లో ఫైబర్ ఉంటుంది, ఇంకొకడు హాస్టల్లో హాట్‌స్పాట్ మీద బతుకుతుంటాడు. ఇద్దరూ ఒకే సర్వర్‌లో ఉండాలి.

ఇక్కడ పోల్చేవి నాలుగు దారులు: జీటీఏ శాన్ ఆండ్రియాస్‌కు ఉన్న మల్టీప్లేయర్ మోడ్‌లు, కౌంటర్-స్ట్రైక్ 1.6, గ్యారీస్ మోడ్, లువాంటి. నాలుగింటినీ ఒకే బొమ్మతో పరీక్షిద్దాం.

ముందు పులి ఎలా ఉంటుందో చూద్దాం

బరంపురంలో బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్ర రెండేళ్లకోసారి వస్తుంది. తెలుగు మాట్లాడే దేరా నేత కుటుంబాలకు ఆ యాత్రతో విడదీయరాని బంధం. మొక్కు ఉన్నవాళ్లు ఆ రోజుల్లో రకరకాల వేషాలు కడతారు. వాటిలో పులివేషానిది ప్రత్యేక స్థానం. ఒంటినిండా పసుపు రంగు, దాని మీద నల్ల చారలు, నడుముకు తోక, డప్పు దెబ్బకు అడుగు. మన పిల్లలు గేమ్‌లో పెట్టాలని మొదట కోరేది దీన్నే, నాకు తెలిసినంతలో.

మోడలింగ్ కోణంలో చూస్తే పులివేషం చాలా అనుకూలమైన బొమ్మ. వేషం కట్టినవాడి ఒంటి మీద బట్ట తక్కువ, రంగు ఎక్కువ. అంటే శరీరం మామూలు మగమనిషి శరీరమే. చారలన్నీ టెక్స్చర్‌లో, అంటే శరీరానికి చుట్టే బొమ్మకాగితంలో గీసేయవచ్చు. పనిలో పెద్ద భాగం రంగుదే. కొత్త ఆకారం కావలసింది తోకకు, కావాలంటే చెవులకు, నడుము గుడ్డకు. తోక దగ్గరే చిక్కంతా ఉంది. తోక ఊగాలా, బిగుసుకుని ఉన్నా పరవాలేదా? ఈ ప్రశ్నకు ఒక్కో మోడ్ ఒక్కో జవాబు చెబుతుంది.

శరీరం మొదటినుంచీ చెక్కనక్కరలేదు. మేక్‌హ్యూమన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మనిషి ఆకారం తయారు చేసుకుని, బ్లెండర్ అనే ఉచిత 3డీ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి, త్రిభుజాల సంఖ్య బాగా తగ్గించుకోవచ్చు. అలా ఎగుమతి చేసిన మూల శరీరం సీసీ0, అంటే ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చనే లైసెన్స్ కింద వస్తుంది కాబట్టి ఎవరి అనుమతీ అడగాల్సిన పని లేదు. మీ ల్యాప్‌టాప్ పాతదై కొత్త బ్లెండర్ తెరుచుకోకపోతే దిగులు పడకండి, పాత వెర్షన్‌లు కూడా ఉచితంగానే దొరుకుతాయి. ఈ పనికి అవి చాలు.

జీటీఏ శాన్ ఆండ్రియాస్: రెండు మోడ్‌లు, రెండు పద్ధతులు

2004లో వచ్చిన గేమ్. 2005లో కంప్యూటర్‌కు వచ్చింది. మన ఊళ్లలో నెట్ సెంటర్ల కాలం నుంచీ దీన్ని ఆడనివాడు తక్కువ. క్యారెక్టర్ అంటే ఇక్కడ రెండు ఫైళ్లు: ఆకారానికి డీఎఫ్ఎఫ్, రంగుకు టీఎక్స్‌డీ. బ్లెండర్‌కు డ్రాగన్ఎఫ్ఎఫ్ అనే యాడాన్ పెట్టుకుంటే డీఎఫ్ఎఫ్ తెరవడం, రాయడం రెండూ అవుతాయి. టీఎక్స్‌డీకి మ్యాజిక్ టీఎక్స్‌డీ అనే చిన్న టూల్ ఉంది. గేమ్‌లో ఉన్న ఏదైనా మగ క్యారెక్టర్‌ను తెరిచి, దాని ఎముకలను, అంటే బొమ్మను కదిలించే లోపలి అస్థిపంజరాన్ని, ముట్టుకోకుండా, చర్మాన్ని మాత్రం మార్చుకోవడం అన్నిటికంటే సురక్షితమైన పద్ధతి. నడక, పరుగు, ఈత, బైక్ మీద కూర్చోవడం అన్నీ ఆ ఎముకల పేర్లను చూసుకునే ఆడతాయి. ఒక్క పేరు మారినా చెయ్యి వెనక్కి తిరుగుతుంది, లేదా గేమే మూసుకుపోతుంది.

మోడ్ ఎంపికకు వద్దాం. ఎంటీఏ, అంటే మల్టీ థెఫ్ట్ ఆటో, ఓపెన్ సోర్స్. ఇందులో మోడల్ పంపే పద్ధతి చూస్తే ముచ్చటేస్తుంది. సర్వర్‌లో ఒక రిసోర్స్ ఫోల్డర్ పెట్టి, అందులో మెటా ఫైల్‌లో డీఎఫ్ఎఫ్, టీఎక్స్‌డీ పేర్లు రాస్తే చాలు. ఆటగాడు సర్వర్‌లోకి రాగానే అవి వాటంతటవే దిగుతాయి. ఒకసారి దిగినవి మళ్లీ దిగవు, మీరు ఫైల్ మార్చినప్పుడు మారినవే దిగుతాయి. క్లయింట్ స్క్రిప్ట్‌లో, అంటే ఆటగాడి కంప్యూటర్‌లో నడిచే కోడ్‌లో, ముందు టీఎక్స్‌డీని, ఆ తర్వాత డీఎఫ్ఎఫ్‌ను ఎక్కించి, ఫలానా నంబర్ క్యారెక్టర్ స్థానంలో దీన్ని చూపించమని చెబుతారు. ఈ వరస పాటించండి. తిప్పి ఎక్కించి, పులి రంగులేకుండా వచ్చిందని తల పట్టుకునేవాళ్లు చాలామంది.

దీనిలో ఒక మెలిక ఉంది. పాత క్యారెక్టర్ స్థానంలో పెట్టడం వల్ల ఆ నంబర్ వేసుకున్న ప్రతివాడూ పులే అవుతాడు. వీధిలో నడిచే బొమ్మకు ఆ నంబర్ ఇచ్చి ఉంటే అదీ పులే. పాతవాటిని చెరపకుండా కొత్త నంబర్ కావాలంటే ఎంటీఏలో అడిగి తీసుకునే ఫంక్షన్ ఉంది. కాకపోతే ఆ నంబర్ ప్రతి ఆటగాడి కంప్యూటర్‌లో విడిగా పుడుతుంది. మీ దగ్గర ఒక నంబర్, బావమరిది దగ్గర ఇంకో నంబర్ వచ్చే అవకాశం ఉంది, సర్వర్‌కు రెండూ తెలియవు. అందుకని సర్వర్ ప్రతి ఆటగాడికీ ‘పులి’ అని ఒక గుర్తు తగిలించాలి. ఆ గుర్తు చూసి ప్రతి కంప్యూటరూ తన దగ్గరున్న నంబర్‌ను వేసుకోవాలి. కోడ్ కొంచెం రాయగలిగినవాడు జట్టులో ఒక్కడున్నా ఇది ఇబ్బంది కాదు. ఎవరూ లేకపోతే ఎవరూ వాడని పాత నంబర్ ఒకటి చూసుకుని దాని స్థానంలోనే పెట్టేయండి. నలుగురు స్నేహితుల సర్వర్‌కు అది చాలు.

ఇంకోటి శాంప్, అంటే శాన్ ఆండ్రియాస్ మల్టీప్లేయర్. మన పిల్లల్లో ఎక్కువమందికి తెలిసిన పేరు ఇదే. దాని సర్వర్ స్థానంలో ఇప్పుడు ఓపెన్ ఎంపీ వాడుతున్నారు. సొంత మోడల్ కావాలంటే ఆటగాళ్ల దగ్గర 0.3.డీఎల్ క్లయింట్ ఉండాలి. ఎక్కువమంది దగ్గర ఉండేది 0.3.7, దానికి సొంత మోడల్స్ చూపించే శక్తి లేదు. ఓపెన్ ఎంపీ సర్వర్ రెండు రకాలవాళ్లనూ లోపలికి రానిస్తుంది. అందువల్ల ఒకరికి పులి కనపడి ఇంకొకరికి కనపడని పరిస్థితి వస్తుంది. ఈ సంగతి ముందే అందరికీ చెప్పి డీఎల్ పెట్టించండి.

ఆ గడప దాటితే శాంప్ పద్ధతి సూటిగా ఉంటుంది. సర్వర్‌లో మోడల్స్ ఫోల్డర్‌లో ఫైళ్లు పెట్టి, ఆర్ట్‌వర్క్ ఆన్ చేసి, ఒక్క వరసలో చెప్పాలి: మూలం ఏ క్యారెక్టర్, కొత్త నంబర్ ఎంత, ఫైళ్ల పేర్లేమిటి. కొత్త నంబర్ 20001 నుంచి 30000 లోపు ఇవ్వవచ్చు. ఈ నంబర్ సర్వర్‌ది కాబట్టి అందరి దగ్గరా ఒకటే. పాత క్యారెక్టర్‌లు ఎక్కడివక్కడే ఉంటాయి. మూలం నంబర్‌ను మాత్రం ఆలోచించి ఇవ్వండి. ఫైల్ దిగకపోతే ఆటగాడికి కనపడేది ఆ మూల క్యారెక్టరే. సూటు వేసుకున్నవాడిని మూలంగా పెడితే, నెట్ పోయినవాడికి పులి డప్పు ముందు సూటుతో ఆడుతూ కనపడతాడు. చొక్కా లేని క్యారెక్టర్‌ను పెట్టండి.

తోక సంగతి రెండింటిలోనూ ఒకటే. శాన్ ఆండ్రియాస్ యానిమేషన్‌లకు తోక అనే ఎముక తెలియదు. కటి ఎముకకు కట్టేస్తే నడకతో పాటు కాస్త కదులుతుంది, సొంతంగా ఊగదు. పొట్టిగా, కిందికి వాలేలా చెక్కితే బాగానే ఉంటుంది. పొడుగ్గా, పైకి లేపి పెడితే కర్ర కట్టినట్టుంటుంది. బైక్ ఎక్కినప్పుడు సీటులోంచి దూసుకొస్తుంది కూడా.

రెండింటిలో ఏది? ఇప్పటికే శాంప్ గేమ్‌మోడ్ రాసుకుని, ఆడే జనం ఉన్నవాళ్లు అక్కడే ఉండండి. ఒక్క పులి కోసం ఇల్లు మారనక్కరలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను ఎంటీఏ చెబుతాను. ఫైళ్లు దిగే తీరు నమ్మకంగా ఉంటుంది. పెద్ద మోడల్‌ను అవసరమైనప్పుడే దించుకునేలా పెట్టవచ్చు. స్క్రిప్ట్ మార్చి సర్వర్ ఆపకుండానే రిసోర్స్‌ను మళ్లీ మొదలుపెట్టి చూసుకోవచ్చు. నేర్చుకునేవాడికి ఈ చివరిది పెద్ద వరం. ఒక హెచ్చరిక: 2021లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్ మీద ఈ రెండు మోడ్‌లూ నడవవు. పాత కంప్యూటర్ వెర్షనే ఉండాలి.

కౌంటర్-స్ట్రైక్ 1.6: పాత మెషీన్‌కు దీటైనది, కాని కట్టుబాట్లు ఎక్కువ

కాలేజీ ల్యాబ్‌లో, ఎవరి ఇంట్లోనో మూలన ఉన్న పాత కంప్యూటర్‌లో, ఒక స్విచ్చికి తీగలు కలిపి ఆడుకునేవాళ్లకు దీన్ని మించింది లేదు. లాన్‌లో ఆడితే ఫైల్ పంపడం అనే బాధే ఉండదు. పెన్‌డ్రైవ్‌తో అందరి దగ్గరా ఫోల్డర్ పెట్టేస్తే సరి.

మోడల్ ఎండీఎల్ ఫైల్. ప్లేయర్ ఫోల్డర్‌లో పులి పేరుతో ఒక ఫోల్డర్, దానిలో అదే పేరుతో ఫైల్. రెండు పేర్లూ అచ్చుగుద్దినట్టు ఒకటిగా ఉండాలి. సర్వర్‌లో ప్లగిన్‌లు నడిపే ఏఎంఎక్స్ మోడ్ ఎక్స్ పెట్టి, చిన్న ప్లగిన్‌తో మ్యాప్ మొదలయ్యేటప్పుడే మోడల్‌ను ముందుగా ఎక్కించాలి. తర్వాత ఆటగాడికి ఆ పేరు తగిలించాలి. మ్యాప్ మధ్యలో కొత్త మోడల్ ఎక్కించడం కుదరదు. మొత్తం మోడల్స్‌కు 512 హద్దు ఉంది, మ్యాప్‌లోని తలుపులు, అద్దాలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. పెద్ద మ్యాప్‌కు పది వేషాలు కలిపితే సర్వర్ కుప్పకూలవచ్చు.

ఇంటర్నెట్ సర్వర్ అయితే ఫాస్ట్ డౌన్‌లోడ్ తప్పనిసరిగా పెట్టుకోండి. అది లేకపోతే ఫైల్ ఆట కనెక్షన్‌లోంచే చిన్నచిన్న ముక్కలుగా దిగుతుంది. చూసిచూసి విసుగొచ్చి అవతలివాడు వెళ్లిపోతాడు. ఏదైనా వెబ్ హోస్టింగ్‌లో సర్వర్‌లో ఉన్నట్టే ఫోల్డర్‌లు పెట్టి, ఆ చిరునామాను సర్వర్ సెట్టింగ్‌లో ఇస్తే వేగంగా దిగుతుంది.

బొమ్మ నాణ్యత దగ్గర రాజీ పడాలి. టెక్స్చర్‌కు 256 రంగులే. పులికి ఇది దెబ్బేమీ కాదు, పసుపు, నలుపు, తెలుపు, చర్మపు ఛాయలు, అంతే కదా. ఎముకల దగ్గర మాత్రం తెలుస్తుంది. ఈ ఇంజిన్‌లో ఆకారంలోని ఒక్కో బిందువు (త్రిభుజాల మూల) ఒక్క ఎముకకే కట్టుబడి ఉంటుంది. రెండు ఎముకల మధ్య పంచుకోవడం లేదు. మోచెయ్యి వంచినప్పుడు చారలు విరిగినట్టు కనపడతాయి. అందుకని మోచెయ్యి, మోకాలు మడతల మీదుగా చార గీయకండి. మడతకు పైన ఒకటి, కింద ఒకటి గీసి మధ్యలో పసుపు వదిలేయండి. ఒక్కో భాగంలో 2048 బిందువుల హద్దు కూడా గుర్తుంచుకోండి. తోకకు విడి ఎముక పెట్టి ప్రతి యానిమేషన్‌లోనూ కదిలించవచ్చు. అయితే ఆ గేమ్‌లో ప్లేయర్‌కు ఉన్న యానిమేషన్‌ల పట్టిక చూస్తే మీకే ఆ ఆలోచన విరమించుకోవాలనిపిస్తుంది.

ఇది కాల్పుల ఆట కాబట్టి ఇంకో విషయం చూడాలి, న్యాయం. రెండు జట్లకూ ఒకే పులి ఇస్తే ఎవడు మనవాడో తెలియదు. ఒక జట్టు పులికి ఎర్ర నడుము గుడ్డ, ఇంకో జట్టుకు నీలం గుడ్డ, వెనక నుంచి కూడా కనపడేంత వెడల్పుగా పెట్టండి. శరీరం కొలతలు అసలు క్యారెక్టర్ కొలతలతో సరిపోవాలి. బొమ్మ సన్నగా ఉండి తగిలే చోటు వెడల్పుగా ఉంటే గాలిలో పేల్చినా తగులుతుంది, తిరగబడితే తగలాల్సినది తగలదు. రెండింటికీ గొడవలే. ఇంతా చేశాక కూడా, ఆటగాడు తన సెట్టింగ్‌లో తక్కువ మోడల్స్ చాలని పెట్టుకుని ఉంటే అతనికి మీ పులి కనపడదు, గేమ్ అసలు క్యారెక్టర్‌లే కనపడతాయి. పాత కంప్యూటర్లలో ఆ సెట్టింగ్ పెట్టుకునేవాళ్లు ఎక్కువ, అడిగి చూడండి.

గ్యారీస్ మోడ్: తోక ఊగాలంటే ఇదే

ఇది స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో కొనుక్కునే, బొమ్మలతో ఇష్టమొచ్చినట్టు ఆడుకునే గేమ్. అందం ముఖ్యమనుకునేవాళ్లు, బ్లెండర్‌లో చెయ్యి తిరిగినవాళ్లు ఇక్కడికి వస్తారు. మోడల్‌ను ఈ గేమ్ వాడే వాల్వ్ అస్థిపంజరానికి కట్టి, బ్లెండర్ సోర్స్ టూల్స్‌తో బయటికి తీసి, క్రౌబార్ అనే టూల్‌తో కంపైల్ చేయాలి, అంటే గేమ్ చదివే రూపంలోకి మార్చాలి. కంపైల్ ఫైల్‌లో గేమ్ సొంత మగ యానిమేషన్ ఫైల్‌ను కలుపుకోమని ఒక వరస రాస్తే నడక, పరుగు, కూర్చోవడం అన్నీ వచ్చేస్తాయి. ఆ తర్వాత లువా భాషలో రాసిన చిన్న ఫైల్‌లో పేరు నమోదు చేస్తే ఆటగాళ్ల మెనూలో మీ పులి కనపడుతుంది. చేతులు విడిగా నమోదు చేయడం మర్చిపోకండి. అది వదిలేస్తే బయటివాళ్లకు పులిగా కనపడతారు గాని, మీ కళ్లముందు తుపాకి పట్టుకున్న చేతులు మాత్రం ఎవరివో ఉంటాయి. చారల చేతులు కనపడితేనే వేషంలో ఉన్నట్టుంటుంది.

తోకకు ఇక్కడ జిగిల్ బోన్ అనే సౌకర్యం ఉంది. తోకలో మూడు నాలుగు ఎముకలు వరసగా పెట్టి, ఎంత బిగువుగా ఉండాలి, ఎంత కోణం దాకా వంగాలి అని అంకెలు ఇస్తే, ఆటగాడు తిరిగినప్పుడల్లా తోక దానంతటదే ఊగుతుంది. యానిమేషన్ ఒక్కటీ చేయనక్కరలేదు. “అన్నా, తోక ఊగకపోతే అది పులేంటి?” అని అడిగే తమ్ముళ్లకు ఇదే జవాబు.

ఫైల్ పంపే బాధ్యత స్టీమ్ వర్క్‌షాప్, అంటే ఆటగాళ్లు తమ మోడ్‌లు పంచుకునే స్టీమ్ విభాగం, తీసుకుంటుంది. మోడల్‌ను అక్కడ పెట్టి, దాని నంబర్ సర్వర్‌కు ఇస్తే, వచ్చే ప్రతివాడికీ స్టీమే దించుతుంది. మీరు హోస్టింగ్ చూసుకోనక్కరలేదు. మరి అడ్డం ఏమిటంటే, ప్రతివాడూ గేమ్ కొనాలి, డిస్క్‌లో చోటుండాలి, ఓ మోస్తరు కంప్యూటర్ ఉండాలి. ఫోన్‌వాళ్లకు దారి లేదు. అందరికీ స్టీమ్‌లో ఆ గేమ్ ఉన్న జట్టయితే నేను మారుమాట లేకుండా ఇదే చెబుతాను. ఒక్కడికి లేకపోయినా వాడిని వదిలేసి ఆడాల్సి వస్తుంది, అదే నాకు నచ్చనిది.

కంపైల్ జోలికి పోకుండా రుచి చూడాలనుకుంటే పీఏసీ3 అనే యాడాన్ ఉంది. ఆటలో ఉండగానే ఒంటికి ముక్కలు తగిలించుకోవచ్చు, లింక్ ఇచ్చి బయటి మోడల్‌ను కూడా తెచ్చుకోవచ్చు. సర్వర్‌లోనూ అది ఉండాలి. తోక ఎక్కడ పెడితే బాగుంటుందో తేల్చుకోవడానికి బాగా పనికొస్తుంది.

లువాంటి: ఫోన్‌వాళ్లను కలుపుకునే దారి

మైన్‌టెస్ట్ అనే పేరుతో తెలిసినవాళ్లు ఉంటారు, 2024 అక్టోబర్‌లో పేరు మార్చారు. దిమ్మెల ప్రపంచం. ఉచితం, ఓపెన్ సోర్స్. ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ నడుస్తుంది. పైగా మొదటినుంచీ మోడ్‌ల కోసమే కట్టిన ఇంజిన్. మోడ్‌లు సర్వర్‌లో ఉంటాయి, ఆటగాడు ఏమీ పెట్టుకోనక్కరలేదు. సర్వర్‌లోకి రాగానే టెక్స్చర్‌లు, మోడల్స్, శబ్దాలు అన్నీ దిగి ఫోన్‌లో దాచుకుంటాయి. ఆ సూరత్ స్నేహితుడి ప్రశ్నకు నాలుగింటిలో దీనంత శుభ్రమైన జవాబు ఇంకోటి లేదు.

మోడ్ ఫోల్డర్‌లో మోడల్స్ అనే ఫోల్డర్, టెక్స్చర్స్ అనే ఫోల్డర్. మోడల్ బీ3డీ రూపంలో ఇవ్వవచ్చు. 5.10 వెర్షన్ నుంచి జీఎల్‌టీఎఫ్ కూడా తీసుకుంటుంది, అది బ్లెండర్ తనంతట తానే రాస్తుంది కాబట్టి పని తేలిక. రంగు మార్చుకుంటే చాలనుకునేవాళ్లకు 64కు 32 పిక్సెల్‌ల చిన్న బొమ్మ చాలు. ఆ చిన్న గళ్లలో పులి చారలు గీయడం ఎనిమిదో తరగతి పిల్లాడు కూడా ఒక సాయంత్రం చేసేస్తాడు. ఫైల్ బరువు ఒక ఫోటోలో వందో వంతు కూడా ఉండదు.

తోక కావాలంటే సొంత మోడల్. ఇక్కడ యానిమేషన్‌లన్నీ ఒకే పొడవాటి పట్టీ మీద ఉంటాయి. లువాంటి మీద ఆడే ‘మైన్‌టెస్ట్ గేమ్’ అనే ఆటలో నిలబడటం 0 నుంచి 79వ ఫ్రేమ్ దాకా, కూర్చోవడం 81 నుంచి 160, నడవడం 168 నుంచి 187, తవ్వడం 189 నుంచి 198. ఈ అంకెలు మార్చకుండా అదే పట్టీ మీద తోక ఎముకను కదిలించారనుకోండి, మిగతా మోడ్‌లన్నీ మీ పులితో గొడవ లేకుండా పనిచేస్తాయి. నిలబడినప్పుడు తోక మెల్లగా అటూ ఇటూ, నడిచేటప్పుడు అడుగుతో పాటు. తవ్వేటప్పుడు వదిలేయండి, ఎవరూ చూడరు. గ్యారీస్ మోడ్‌ను పక్కన పెడితే, ఇంత తక్కువ శ్రమతో కదిలే తోక ఇంకెక్కడా రాదు.

ఒప్పుకోవాల్సిన సంగతి, ఇది కాల్పుల ఆట కాదు, కార్ల ఆట కాదు. శాన్ ఆండ్రియాస్ రోడ్ల మీద తిరిగిన పిల్లాడు దిమ్మెల ప్రపంచం చూసి మొదట పెదవి విరుస్తాడు. బరంపురంలోని దేశిబెహెరా వీధిని, ఠాకురాణి కోసం వేసే పందిరిని తామే దిమ్మెలతో కట్టుకోవచ్చని తెలిశాక మాత్రం కూర్చుంటాడు. వేషానికి తగిన వీధి ఉండటం ఆటలో సగం ఆనందం.

ఎవరికి ఏది

జట్టులో ఒక్కరైనా ఫోన్ మీదే ఆడేవాళ్లుంటే లువాంటి. నాకు దీని మీద రెండో ఆలోచన లేదు. అందరికీ కంప్యూటర్, పాత శాన్ ఆండ్రియాస్ ఉంటే ఎంటీఏ. అందరూ ఒకే గదిలో తీగలు కలుపుకుని ఆడితే కౌంటర్-స్ట్రైక్ 1.6, చారలు మాత్రమే గీసుకుని, తోక పొట్టిగా పెట్టుకుని. అందరి దగ్గరా గ్యారీస్ మోడ్ ఉండి, బొమ్మే ప్రాణమనుకుంటే అదే. మోడలింగ్ ఇప్పుడే నేర్చుకునేవాళ్లు మాత్రం ఏ జట్టులో ఉన్నా మొదటి బొమ్మ లువాంటిలో చేయండి. తప్పు ఎక్కడుందో ఆ ఇంజిన్ తొందరగా చూపిస్తుంది, నేర్చుకున్న బ్లెండర్ పని తర్వాత ఎక్కడికైనా పనికొస్తుంది.

ఏది ఎంచుకున్నా తప్పని పనులు

బరువు. టెక్స్చర్ 1024 సైజులో కుదించకుండా పెడితే ఒక్కటే 4 ఎంబీ. అదే డీఎక్స్‌టీ1 అనే కుదింపు పద్ధతిలో కుదిస్తే 512 కేబీ. సైజును 512కు దించి కుదిస్తే 128 కేబీ. పులి చారలకు 512 ధారాళంగా సరిపోతుంది. ఒక్క పులికి ఈ తేడా చిన్నదనిపిస్తుంది. యాత్రలోని వేషాలన్నీ పెడదామని ఇరవై బొమ్మలు చేసినప్పుడు తెలుస్తుంది, 80 ఎంబీ ఎక్కడ, రెండున్నర ఎంబీ ఎక్కడ. రోజువారీ డేటా ప్యాక్ మీద ఉన్నవాడికి మొదటిది పెద్ద భారం.

ఫైల్ పేర్లు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా పెట్టండి. మన విండోస్ కంప్యూటర్‌కు పెద్ద అక్షరం, చిన్న అక్షరం ఒకటే. అద్దెకు తీసుకునే సర్వర్లు ఎక్కువగా లైనక్స్, దానికి రెండూ వేరు. ఇంట్లో బ్రహ్మాండంగా నడిచిన పులి సర్వర్‌లో మాయమైందంటే మొదట అనుమానించాల్సింది ఇదే.

ఎవరి బొమ్మ వాడుతున్నారో చూసుకోండి. వేరే గేమ్‌లోంచి పీకిన క్యారెక్టర్‌లు, హీరో ముఖం అతికించిన మోడల్స్ నెట్‌లో కుప్పలుగా ఉంటాయి. స్నేహితుల మధ్య ఎవరూ అడగరనుకున్నా, వర్క్‌షాప్‌లో పెట్టాక అసలు హక్కుదారు అడిగితే తీసేస్తారు, దాని మీద ఆధారపడిన సర్వర్ ఆగిపోతుంది. పైగా సొంత ఊరి వేషం కోసం ఇంకొకడి బొమ్మ ఎందుకు? మోడల్ డౌన్‌లోడ్‌లో ఈఎక్స్ఈ ఫైల్ కనపడితే మాత్రం తెరవకుండానే తీసేయండి. డీఎఫ్ఎఫ్‌కు గాని, ఎండీఎల్‌కు గాని అలాంటి ఫైల్‌తో పనే లేదు.

వేషం విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఒకటి ఉంది. యాత్రలో పులివేషం కట్టేది మొక్కు తీర్చుకోవడానికి. గేమ్‌లో పులి పరుగెత్తవచ్చు, ఆడవచ్చు, డప్పుకు అడుగేయవచ్చు. అమ్మవారి రూపాన్ని, ఘటాన్ని మాత్రం కాల్చి పడేసే క్యారెక్టర్‌లుగా పెట్టవద్దు. కౌంటర్-స్ట్రైక్ లాంటి ఆటలో ఏ వేషం పెట్టాలన్నది ఇంట్లో పెద్దవాళ్లను ఒకసారి అడగండి. మా పెద్దమ్మలాంటి వాళ్లు పులి చారలు ఎలా గీస్తారో, ముందు ఏ రంగు వేస్తారో, నుదుట గుర్తు ఎక్కడుంటుందో కూడా చెబుతారు. టెక్స్చర్‌కు అంతకన్నా మంచి ఆధారం దొరకదు.

ఇక పరీక్ష. మీ కంప్యూటర్‌లో కనపడిందని సంబరపడవద్దు, మీ దగ్గర ఫైల్ ముందే ఉంది. జట్టులో అందరికంటే నెమ్మది నెట్ ఉన్నవాడిని, అతనికి షిఫ్ట్ లేని వేళ చూసి పిలవండి. పాతగా దిగిన ఫైళ్లు చెరిపేసి కొత్తగా రమ్మనండి. అతని స్క్రీన్ ఫోటో తీసి పంపమనండి. పులి బదులు మామూలు మనిషి కనపడితే ఫైల్ దిగలేదు: పేరులో అక్షరాలు, ఫాస్ట్ డౌన్‌లోడ్ చిరునామా, మెటా ఫైల్‌లో వరస చూడండి. శాన్ ఆండ్రియాస్‌లో ఒళ్లంతా తెల్లగా ఉంటే టీఎక్స్‌డీలోని టెక్స్చర్ పేరు, డీఎఫ్ఎఫ్ అడిగే పేరు కలవలేదు. గ్యారీస్ మోడ్‌లో ఊదా, నలుపు గళ్లు కనపడితే మెటీరియల్ దారి తప్పు, ఎర్రగా ఎర్రర్ అని బొమ్మ నిలబడితే మోడలే చేరలేదు. రెండు చేతులూ చాపి కదలకుండా నిలబడితే ఎముకల పేర్లు. అంతా సరిగ్గా ఉండి తోక ఒక్కటే నేలలోకి దిగబడితే, బ్లెండర్‌లో దాన్ని కాస్త పైకి లేపి మళ్లీ పంపండి.